జనార్దనయ్య సార్ ధ్యానం పెట్టె

ఆత్మకూరు బస్టాండు ఎదుట వహాబ్‌కు రేడియోలు, మైకు సెట్లు బాగుచేసే అంగడి ఉండేది. 1978 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఉదయగిరి బస్సు దిగి జనార్దనయ్య సార్ నేరుగా ఆ అంగడి మెట్లెక్కాడు. వహాబ్ చేతిలో పని పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. ఉదయగిరి హైస్కూల్లో తనకు సైన్సు చెప్పిన మనిషి. బ్యాటరీకీ బల్బుకీ మధ్య తీగ కలిపితే ఏమవుతుందో మొట్టమొదట చూపించింది ఆయనే. ఎనిమిదో తరగతితో బడి మానేసిన వహాబ్ ఈ పనిలో నాలుగు మెతుకులు తింటున్నాడంటే అది ఆయన చలవే.

అయినా రెండేళ్ళుగా వహాబ్ ఆయన్ని కలవలేదు. పలకరించడానికి మాట దొరక్క తప్పించుకు తిరిగాడు. ఆయన ఇంట్లో జరిగినది అలాంటిది.

జనార్దనయ్యకు పిల్లలు లేరు. నలభయ్యో ఏట ధ్యానం పట్టుకున్నాడు. రోజూ ఉదయం ఆరు నుంచి ఏడున్నర దాకా గదిలో గడియ వేసుకుని కూర్చునేవాడు. ఆ వేళలో ఇల్లు కూలినా తనను పిలవకూడదని భార్య నాగులమ్మకు చెప్పి ఉంచాడు. పన్నెండేళ్ళలో ఆమె ఒక్కనాడూ పిలవలేదు. చివరికి ఒక రోజు పిలిచింది. దొడ్లో కట్టెల కుప్పలో చెయ్యి పెడితే పాము కరిచింది. ఆమె పిలిచింది, ఆయన రాలేదు. ఏడున్నరకు గడియ తీసి బయటికి వచ్చేసరికి నాగులమ్మ వంటింటి గడప మీద ఒరిగిపోయి ఉంది. పక్కింటి పిచ్చమ్మ అప్పుడే వచ్చి ఆమె తలను ఒడిలో పెట్టుకుని కూర్చుంది. బస్సులో ఆత్మకూరు ఆసుపత్రికి తెస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది.

ధ్యానంలో ఉన్నాను, నాకు వినపడలేదు అని ఆయన అందరికీ చెప్పాడు. ఊరు ఆయన ముఖాన ఏమీ అనలేదు. ఆయన అటు తిరగ్గానే మాత్రం, గోడ అవతల పెళ్ళాం చస్తుంటే వినపడకపోవడం ఏం ధ్యానమని చెవులు కొరుక్కుంది. పిచ్చమ్మ ఆయనతో మాట మానేసింది.

ఇప్పుడు అంగడిలో స్టూలు మీద కూర్చున్న మనిషిని వహాబ్ పరకాయించి చూశాడు. చొక్కా లోపల మనిషి ఉన్నాడా లేడా అన్నట్టున్నాడు. ఆయన సంచిలోంచి నాలుగు కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు. తిరుపాలు అని ఆయన పాత శిష్యుడొకడు బెంగుళూరులో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. ఏదో అమెరికా పత్రికలోని పేజీలకు నకలు తీయించి పంపాడట. కాగితాల మీద సర్క్యూట్ బొమ్మ ఉంది.

“మనిషి మెదడులో కూడా కరెంటు పుడతాది వహాబూ. బలే తక్కువ. మనసు నిలిచినప్పుడు అది సెకనుకు పదిసార్లు లెక్కన ఊగుతాది. ఈ పెట్టె ఆ ఊపును పట్టుకొని మోగతాది. మనసు చెదిరితే ఆగిపోతాది. ఆ దేశంలో ధ్యానం నేర్చుకునేవాళ్ళు దీన్ని తలకు తగిలించుకొని కూర్చుంటారంట.”

“మీకెందుకు సార్ ఇది? పద్నాలుగేళ్ళుగా కూర్చుంటానే ఉండారు గదా.”

“అందుకే కావాల. అన్నేళ్ళూ నేను నిజంగా లోపలికి పోయినానా, కళ్ళు మూసుకొని ఊరికే కూర్చున్నానా? అది నాకు తెలియాల.”

ఆయన నాగులమ్మ పేరెత్తలేదు. ఎత్తకపోయినా వహాబ్‌కు అర్థమైంది. ఆ పెట్టె మోగితే, ఆ రోజు ఆయనకు నిజంగానే వినపడలేదన్నమాట. కాగితాలు మడిచి సొరుగులో పెట్టుకుని, చేస్తానన్నాడు.

పని మూడు నెలలు పట్టింది. మద్రాసు వెళ్ళి, సన్నటి కరెంటును పెద్దది చేసే ఎనిమిది కాళ్ళ ఐసీలు తెచ్చాడు. నుదుటికీ తల వెనకా తగిలించే బిళ్ళలు వెండివి కావాలంటే కంసాలి చేత పోయించాడు. వాటిని తలకు పట్టి ఉంచే గుడ్డ పట్టీని వహాబ్ భార్య హజరాబీ కుట్టింది. బిళ్ళల కింద ఉప్పునీళ్ళలో తడిపిన దూది పెట్టాలి. తలకు తగిలే వస్తువు కాబట్టి గోడ కరెంటుతో సంబంధం లేకుండా బ్యాటరీలతోనే నడిచేట్టు చేశాడు.

వినాయక చవితి వెళ్ళిన వారంలో పెట్టెను ఉదయగిరికి తీసుకువెళ్ళాడు. జనార్దనయ్యకు వండిపెట్టడానికి వరికుంటపాడు నుంచి చెల్లెలు చెంచమ్మ వచ్చి ఉంటోంది. వీధి వైపు గదిలో, గోడకు ఆనుకుని పరిచిన చాప మీద ఆయన కూర్చున్నాడు. వహాబ్ పట్టీ కట్టి స్విచ్ వేసి మూలన నిలబడ్డాడు. పది నిమిషాలు గడిచినా పెట్టె పలకలేదు. మరో అయిదు నిమిషాలకు ఎక్కడో దూరాన దోమ పాడినట్టు సన్నగా మొదలైంది. మెల్లమెల్లగా లావెక్కి గది నిండా పరుచుకుంది. జనార్దనయ్య మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డంలోకి ఇంకాయి. చాలాసేపటికి కళ్ళు తెరిచి పట్టీ మీద చెయ్యి వేయగానే శబ్దం తెగిపోయింది.

“చూసినావా,” అన్నాడు ఆయన.

ఆ రోజు నుంచి ఆయన మనిషయ్యాడు. గడ్డం గీయించుకున్నాడు. బడికి పెట్టిన సెలవు రద్దు చేసుకుని మళ్ళీ పాఠాలకు వెళ్ళాడు. రెండుసార్లు అన్నం పెట్టించుకుంటున్నాడని చెంచమ్మ సంబరపడింది. ఊళ్ళోవాళ్ళు ఒకరొకరే వచ్చి గుమ్మంలో నిలబడి ఆ శబ్దం వినిపోయేవారు. దానికి ధ్యానం పెట్టె అని పేరు పడింది. ఒక రోజు పిచ్చమ్మ వచ్చింది. శబ్దం మొదలైనప్పటి నుంచి ఆగిందాకా గోడకు చేరగిలబడి కూర్చుంది. తర్వాత, రెండేళ్ళుగా మాట్లాడని మనిషి, “నిజమే అయ్యోరా, నీకు వినపడలేదు” అని చెప్పి లేచిపోయింది. ఆ మాట జనార్దనయ్యే వహాబ్‌కు ఉత్తరంలో రాశాడు. వహాబ్ ఆ ఉత్తరాన్ని హజరాబీకి రెండుసార్లు చదివి వినిపించాడు. బతుకులో తాను చేసిన పనుల్లోకెల్లా అది మంచిదనుకున్నాడు.

ఎనిమిది నెలలు అలా గడిచాయి.

హజరాబీ పుట్టిల్లు ఉదయగిరే. కర్రతో గరిటెలు చెక్కే ఇల్లు. మరుసటి ఏడు మే నెలలో వాళ్ళింట్లో పెళ్ళికి వెళ్ళిన వహాబ్, ఉదయం పూట సార్‌ను చూసి వద్దామని బయల్దేరాడు. వెళ్ళేసరికి ఆయన ధ్యానంలో ఉన్నాడు. పెట్టె మోగుతోంది. చెంచమ్మ చాప వేస్తే వసారాలో కూర్చున్నాడు. పక్కింట్లో రేడియోలో వార్తలు వస్తున్నాయి. ఉన్నట్టుండి కరెంటు పోయింది. వార్తలు మాట మధ్యలో తెగిపోయాయి. సరిగ్గా అదే క్షణాన లోపల పెట్టె కూడా ఆగిపోయింది.

వహాబ్ తలుపు సందులోంచి చూశాడు. జనార్దనయ్య కదల్లేదు. వెన్ను నిటారుగా, ముఖం ప్రశాంతంగా అలాగే ఉంది. పెట్టె మాత్రం మూగబోయింది. కాసేపటికి కరెంటు వచ్చింది. పక్కింటి రేడియో అందుకుంది. వెంటనే పెట్టె కూడా అందుకుంది.

బ్యాటరీతో నడిచే పెట్టెకు ఊళ్ళో కరెంటుతో ఏం పని? ఆ ప్రశ్న ఇంకెవరికైనా తట్టి ఉండేది కాదు. వహాబ్ మాత్రం వీధిలోకి వెళ్ళి చూశాడు. ఆ గది గోడకు అవతలే కరెంటు స్తంభం ఉంది. ఇంట్లోకి వచ్చే తీగ ఆ గోడ మీదుగానే పోతుంది. బ్యాటరీలు మారుస్తానని చెప్పి పెట్టెను ఆత్మకూరుకు తెచ్చుకున్నాడు.

అంగడిలో కూర్చుని, తనకు వచ్చిన అనుమానం తప్పయితే బాగుండునని కోరుకుంటూ ఒక పని చేశాడు. ఇంటి నుంచి సొరకాయ తెచ్చి, దానికి పట్టీ కట్టి, ఉప్పునీళ్ళ దూది పెట్టి, గోడ పక్కన ఉంచి స్విచ్ వేశాడు. పది నిమిషాలు ఏమీ లేదు. పదిహేనో నిమిషానికి దోమ పాడినట్టు సన్నగా మొదలై, మెల్లమెల్లగా లావెక్కి అంగడి నిండా పరుచుకుంది.

దూది ఆరేకొద్దీ బిళ్ళల పట్టు సడలుతుంది. సడలేకొద్దీ గోడలోని తీగల రొద పెట్టెలోకి చొరబడుతుంది. దాన్ని బయటే ఆపవలసిన ఫిల్టరును వహాబ్ సరిగా కట్టలేదు. ఎనిమిది నెలలుగా మోగింది సార్ మనసు కాదు, గోడలోని కరెంటు.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని హజరాబీకి చెప్పాడు. ఆమె వాళ్ళ ఉర్దూలో ఒకటే మాట అంది. ఆయన బతుకుతున్నాడు, నీకేం నొప్పి? పెట్టెను ఉన్నదున్నట్టు ఇచ్చేసి రమ్మంది. వహాబ్ కూడా అలాగే చేసేవాడేమో. కానీ ఆ వారమే జనార్దనయ్య దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. తిరుపాలు బెంగుళూరులో పెద్ద డాక్టర్లతో మాట్లాడాడట, పెట్టెతో సహా వచ్చి వాళ్ళ ముందు కూర్చోమన్నారట, జూన్‌లో ప్రయాణమట. పదిమంది చదువుకున్నవాళ్ళ మధ్య సార్ పట్టీ కట్టుకుని కూర్చుని ఉంటే ఎవరో ఒక కుర్ర డాక్టరు లేచి, ఇది లైటు కరెంటండీ అని నవ్వడం వహాబ్ కళ్ళకు కట్టింది.

కొత్త ఫిల్టరు కట్టాడు. దూది ఆరకుండా పైన మైనపు గుడ్డ వేశాడు. సొరకాయకు గంటసేపు పెట్టినా పలకలేదు. తన తలకే కట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మూసిన కాసేపటికే కూత వచ్చింది. తెరవగానే పోయింది. హజరాబీకి కడితే ఆమెకూ వచ్చింది. పెట్టె ఇప్పుడు నిజం చెబుతోంది.

ఉదయగిరి వెళ్ళి ఉన్నదంతా చెప్పాడు. జనార్దనయ్య మధ్యలో అడ్డం రాలేదు. బడిలో పిల్లవాడు పాఠం అప్పజెబుతుంటే విన్నట్టు విన్నాడు.

“సొరకాయకు కూడా మోగిందా?”

“మోగింది సార్. తప్పంతా నాది. ఇప్పుడు సరిచేసినాను.”

“ఇటు తే.”

కట్టుకుని కూర్చున్నాడు. అరగంట గడిచింది, గంట గడిచింది. పెట్టెలోంచి చిన్న చప్పుడు కూడా రాలేదు. ఆయన కళ్ళు తెరిచి, నువ్వు కట్టుకోమన్నాడు. వహాబ్ వద్దన్నా వినలేదు. వహాబ్ కట్టుకుని రెప్పలు వాల్చీ వాల్చకముందే పెట్టె కూసింది.

“నువ్వెప్పుడన్నా ధ్యానం చేసినావా వహాబూ?”

“లేదు సార్.”

జనార్దనయ్య తలూపాడు. పట్టీ మళ్ళీ తన తలకు కట్టించుకున్నాడు.

బెంగుళూరు ప్రయాణం మానుకున్నాడు. నలభై రోజులు పొద్దునా సాయంత్రమూ కూర్చున్నాడు. ఆ నలభై రోజుల్లో వహాబ్ మూడుసార్లు వెళ్ళాడు. దూది మార్చాడు, బిళ్ళలు అటూ ఇటూ జరిపాడు, బ్యాటరీలు కొత్తవి వేశాడు. వెళ్ళిన ప్రతిసారీ తన తలకు కట్టుకుంటే పలికేది. ఆయనకు కడితే ఊరుకునేది. నలభై ఒకటో రోజున ఆయన పట్టీ విప్పి, తీగలు చుట్టి పెట్టి, ఇక కూర్చోలేదు. అడిగినవాళ్ళకు పెట్టె పాడైందన్నాడు. అన్నం మళ్ళీ తగ్గింది. బోర్డు ముందు నిలబడి సుద్దముక్క పట్టుకుని అలాగే ఉండిపోతున్నాడని బడి నుంచి కబురు వచ్చేది. రిటైరైన నెలలోనే చెంచమ్మ ఇంటికి తాళం వేసి ఆయన్ని వరికుంటపాడు తీసుకుపోయింది.

బయల్దేరే ముందు రోజు వహాబ్ వెళ్ళి, చెప్పలేక చెప్పలేక ఒక మాట అన్నాడు. కావాలంటే పెట్టెను మునుపటిలా మోగేట్టు చేస్తాను సార్, నిమిషం పని. జనార్దనయ్య అతని భుజం మీద చెయ్యి వేసి, తెలిసినాక ఎట్లారా అన్నాడు.

నాలుగేళ్ళు గడిచాయి. హజరాబీ తమ్ముడు అల్లాబకాష్‌కు మూర్ఛలు వస్తుంటే 1983లో వహాబ్ అతన్ని మద్రాసు పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాడు. అక్కడ తల నిండా తీగలు పెట్టి మెదడు కరెంటును కాగితం మీద గీయించే మిషను ఉంది. దాన్ని నడిపే ఆయన తెలుగువాడే. వహాబ్ రేడియోలు బాగుచేసే పనివాడని తెలిసి ఓపిగ్గా మాట్లాడాడు. మాటల్లో వహాబ్, ఎవరన్నది చెప్పకుండా, సార్ సంగతి అడిగాడు. ఆయన అదేమంత వింత కాదన్నాడు. నూటికి ఏ అయిదారుగురికో ఆ ఊపు పుట్టుకతోనే కనపడదట. ఎంత శాంతంగా కూర్చున్నా మిషనుకు దొరకదట. దానికీ వాళ్ళ మనసుకూ సంబంధం లేదట.

వహాబ్ కూర్చున్న చోట నిలవలేకపోయాడు. అల్లాబకాష్‌ను ఇంటికి చేర్చి, మర్నాడే కలిగిరిలో బస్సు మారి వరికుంటపాడు వెళ్ళాడు.

జనార్దనయ్య గొర్రెల దొడ్డి పక్కన నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. నాలుగేళ్ళకే ఎనభై ఏళ్ళవాడిలా అయ్యాడు. ఎదురుగా గొర్రెపిల్లలు తిరుగుతున్నాయి గానీ ఆయన చూపు వాటి మీద లేదు. వహాబ్ నేల మీద కూర్చుని మద్రాసులో విన్నదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. పెట్టె పలకనంత మాత్రాన మీ ధ్యానం అబద్ధం కాదు సార్, మీకు ఆ రోజు వినపడలేదంటే వినపడనట్టే, అన్నాడు.

చెంచమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చి లోపలికి పోయినాక ఆయన నోరు తెరిచాడు.

“పెట్టె సంగతి వదిలెయ్యి వహాబూ. నేను విన్నాను.”

వహాబ్ గ్లాసు కింద పెట్టాడు.

“రెండుసార్లు పిలిచింది. మొదటిసారి, ఈమెకెందుకు ఈ వేళప్పుడు అని కోపం వచ్చింది. రెండోసారి పిలిచినప్పుడు గొంతులో తేడా తెలిసింది నాకు. లేస్తే పన్నెండేళ్ళ నియమం పోతాదని లేవలా. మూడోసారి పిలవలేదు. సరే, పని అయిపోయిందేమోలే అనుకున్నాను. గంటకు పైగా అట్లనే కూర్చున్నాను. ఆమె గడప మీద ఉండాది, నేను శ్వాస చూసుకుంటా ఉండాను.”

దొడ్లో గొర్రెలు అరుస్తున్నాయి. ఆయన గొంతు ఎక్కడా వణకలేదు. ఎన్నో ఏళ్ళుగా లోపల చెప్పుకుని చెప్పుకుని అరిగిపోయిన మాటల్లా వచ్చాయి.

“నువ్వు పెట్టె తెచ్చినప్పుడు, అది మోగినప్పుడు, నేను విననే లేదేమో, విన్నానని నేనే భ్రమపడినానేమో అనుకున్నాను. ఎనిమిది నెలలు నమ్మినాను. పిచ్చమ్మ వచ్చి ఆ మాట అనింది చూడు, ఆ రోజు కడుపు నిండా తిని నిద్రపోయినాను. ఆ ఎనిమిది నెలలు ఇచ్చింది నువ్వే, తీసుకుపోయింది నువ్వే. నిన్నేమీ అనను. ఇది ఎవరికీ చెప్పబాక.”

చెప్పనని వహాబ్ మాట ఇచ్చాడు. సాయంత్రం బస్సుకు వచ్చేశాడు. హజరాబీ అడిగితే బాగానే ఉన్నారన్నాడు.

ఆ తర్వాత ఒకసారి వెళ్ళాడు గానీ అప్పటికి జనార్దనయ్య మాట్లాడటం మానేశాడు. పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. మరుసటి ఏడు వానాకాలంలో పోయాడని చెంచమ్మ కబురు పంపితే వహాబ్ వెళ్ళేసరికి శవాన్ని వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. వచ్చినవాళ్ళు పది పన్నెండు మంది. ఉదయగిరి నుంచి వచ్చింది ఒక్క పిచ్చమ్మే. డెబ్బై దాటిన మనిషి, రెండు బస్సులు మారి వచ్చింది. దహనం అయ్యి అందరూ మళ్ళాక, బస్సు ఎక్కే చోట రాయి మీద కూర్చుని, వహాబ్‌ను కూడా పక్కన కూర్చోమంది.

“ఆ పెట్టె చేసింది నువ్వు గదా నాయనా. నువ్వు చెప్పు. అయ్యోరుకు ఆ పొద్దు నిజంగానే వినపడలేదా?”

“ఇప్పుడెందుకవ్వా అది?”

“నాకు వినపడింది. గోడకు ఇవతల పిండి రుబ్బతా ఉండాను. నాగులమ్మ రెండుసార్లు పిలిచింది. మొగుణ్ణి పిలుస్తా ఉండాది, ఆయన ఇంట్లోనే ఉండాడు, పోతాడులే అనుకున్నాను. పిండంతా రుబ్బి, చేతులు కడుక్కొని అప్పుడు పోయినాను. ఆయన విని కూడా పోలేదని మొదట కోపం పెట్టుకున్నాను. ఆ కోపం ఉన్నంతకాలం నాకు బాగుండాది. పెట్టె మోగేది విన్నాక ఆయన మీద కోపం పోయింది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.”

వహాబ్ ఒక్క మాట చెబితే చాలు, ఈ ముసలామె మోసేదాంట్లో సగం దిగిపోతుంది. ఆ ఒక్క మాట చెబితే చితి కూడా చల్లారని మనిషికి ఇచ్చిన మాట పోతుంది. నిజం చెప్పి ఒక ప్రాణాన్ని ఏం చేశాడో కూడా గుర్తుకొచ్చింది. తల వంచుకుని నేల చూస్తూ ఉండిపోయాడు. ఆ మౌనాన్ని పిచ్చమ్మ అవును, వినపడలేదని తీసుకుంది.

“అయితే విన్నది నేనొక్కదాన్నే,” అంది.

బస్సు వచ్చింది. వహాబ్ ఆమె చెయ్యి పట్టి ఎక్కించి, కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టి, కిందికి దిగాడు. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆమె అతని వైపు చూడలేదు.